రెండు టవర్ల మధ్య పెనుగొలను

మా తిరువూరులో సెల్‌ఫోన్లు కొత్తగా చేతికొచ్చిన రోజుల్లో మాట తెగిపోతే తప్పు ఫోను కొన్నవాళ్లదే అయ్యేది. సెట్టు పాతదనేవాళ్లు, బ్యాటరీ ఉబ్బిందనేవాళ్లు, అసలు ఫోను పట్టుకోవడమే రాలేదనేవాళ్లు. టవరును మాత్రం ఎవరూ పల్లెత్తు మాట అనేవాళ్లు కాదు. ఆ టవర్ల తప్పులు పట్టే ఉద్యోగం నాది.

బెజవాడ దగ్గర కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చదివి, ఒక సెల్‌ఫోన్ కంపెనీకి పనులు చేసిపెట్టే కాంట్రాక్టు సంస్థలో ఫీల్డ్ ఇంజనీరుగా చేరాను. ఇంటర్వ్యూలో, ఆడపిల్లవి జీపులో ఊళ్లన్నీ తిరగలేవు, ఆఫీసులో కూర్చునే పని ఇస్తామన్నారు. నేను జీపు పనికే వచ్చానన్నాను. తిరువూరులో కాపురం ఉండి ఆ ఎండలో తిరగడానికి మగవాళ్లెవరూ ఒప్పుకోలేదు కాబట్టి చివరికి నాకే ఇచ్చారు. మాది తిరువూరే. మా నాన్న చిన్న గుళ్లో అర్చకుడు. నేను పొద్దున్నే ప్యాంటు, చొక్కా వేసుకుని జీపెక్కుతుంటే గుడికొచ్చే పెద్దవాళ్లు మొహాలు తిప్పుకునేవాళ్లు. నేను తిప్పుకునేదాన్ని కాదు.

పని చెప్పడానికి తేలికే. జీపు పైకప్పు మీద జీపీఎస్ బిళ్ల, ఒళ్లో ల్యాప్‌టాప్, దానికి తీగతో తగిలించిన ఫోను. జీపు నడిచినంతసేపూ ఆ ఫోను ఎవరితోనో మాట్లాడుతున్నట్టే లైన్లో ఉంటుంది. సిగ్నల్ బలం ఎంత, మాట స్పష్టత ఎంత అని రెండు లెక్కలు స్క్రీన్ మీద రోడ్డు వెంట చుక్కలుగా పడుతుంటాయి. బాగుంటే ఆకుపచ్చ, అంతంతమాత్రమైతే పసుపు, బాగోకపోతే ఎరుపు. గంపలగూడెం, విస్సన్నపేట, చుట్టుపక్కల పల్లెల డొంకదారులు అన్నీ నాకు ఆ చుక్కల్లోనే గుర్తున్నాయి.

బస్టాండు రోడ్డులో ఎరువుల కొట్టు పైన మా ఆఫీసు. కింద పురుగుమందుల వాసన, పైన మేమూ, కంపెనీ ఫిర్యాదులు తీసుకునే కౌంటరూ. పత్తి తీతల కాలంలో ఒకరోజు పెనుగొలను నుంచి ఒకావిడ మెట్లెక్కి వచ్చింది. యాభై దాటిన మనిషి, మోచేతుల దాకా గాజులు, కొంగులో మూటగట్టిన ఫోను. పత్తి తీతకీ మిరప కోతకీ ఆడకూలీలను కూడగట్టి తీసుకెళ్లే మేస్త్రి ఆవిడ. ఊళ్లో అందరూ మేస్త్రమ్మ అనేవాళ్లు. పక్క ఊళ్ల రైతులు ఫోన్ చేసి మనుషులు కావాలంటే ఈవిడ పోగు చేసి ఆటోల్లో తోలుకెళ్లేది. ఆవిడకు ఫోను సోకు వస్తువు కాదు. కొడవలిలాగా పనిముట్టు.

జరిగింది ఆవిడ కౌంటరు దగ్గర నిలబడి చెప్పింది. గంపలగూడెం అవతల ఒక రైతు ముందురోజు సాయంత్రం ఫోన్ చేసి, రేపు మందు కొడుతున్నాం, రావద్దు, ఎల్లుండి రండి అన్నాడట. ఈవిడకు వినబడింది మొదటి మాట, చివరి మాట. రేపు, రండి. తెల్లారి మనుషులను ఎక్కించుకుని చేలోకి దిగేసరికి మందు వాసన. ఆ రోజు కూలి పోయింది. ఆటో కిరాయి మీద పడింది. ఆడవాళ్లంతా ఆవిడను తిట్టారు. అందులో ఒకామె చంటిబిడ్డను అత్త దగ్గర వదిలి వచ్చింది, ఆమె ఏడ్చింది. ఇలా జరగడం అది మొదటిసారి కూడా కాదు.

మా కౌంటరు కుర్రాడు ఆవిడ ఫోను చూసి, సెట్టు పాతది, కొత్తది కొనుక్కోమన్నాడు. ఇదే కొత్తది, ఇంతకుముందు వచ్చినప్పుడు నువ్వు చెబితేనే కొన్నానంది. అతను ఫోను ఆవిడ మొహం ముందు పెట్టి, గీతలన్నీ ఉన్నాయి కదా, టవరు ఫుల్లు, ఇంక కంపెనీ ఏం చేస్తుందన్నాడు.

"గీతలు నాకూ కనపడుతున్నాయి నాయనా. మాటే వినపడట్లా" అందావిడ.

అక్కడితో పోలేదు. మా మెట్ల మీద కూర్చుంది. ఎరువుల కొట్టుకు వచ్చే రైతులందరికీ దారికడ్డంగా కూర్చుని, అడిగినవాళ్లకల్లా ఈ కథ చెప్పింది. మధ్యాహ్నం నేను జీపు దిగి పైకి వస్తుంటే నా చెయ్యి పట్టుకుంది. పూజారిగారమ్మాయివి కదా, నువ్వైనా నిజం చెప్పు, నాకు మాట్లాడటం రాదా అనడిగింది. రేపు మీ ఊరు వస్తానన్నాను.

మర్నాడు పెనుగొలను వీధులన్నీ తిరిగాను. సిగ్నల్ బలం చుక్కలన్నీ పచ్చగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. స్పష్టత చుక్కలు ఊరంతా ఎరుపు. అంటే టవరు ఫుల్లుగానే ఉంది, మాట మాత్రం ముక్కలు. కౌంటరు కుర్రాడూ అబద్ధం చెప్పలేదు, మేస్త్రమ్మా అబద్ధం చెప్పలేదు.

ఇలాంటప్పుడు అనుమానించాల్సింది ఒక్కటే. కంపెనీ దగ్గరుండే ఛానెళ్లు, అంటే గాల్లో మాట నడిచే దారులు, గుప్పెడు; ఊళ్లు బోలెడు. అందుకని ఒక ఊరి టవరుకిచ్చిన ఛానెల్‌నే దూరంగా ఉన్న ఇంకో ఊరి టవరుకీ ఇస్తారు. మధ్యలో తగినంత ఎడముంటే ఒకదాని మాట ఒకదానికి అడ్డం రాదు. ఎడం చాలకపోతే ఒకే వీధిలో రెండు పెళ్లిళ్ల మైకులు పెట్టినట్టే. రెండూ గట్టిగానే వినిపిస్తాయి, ఏ పాటా అర్థం కాదు. మా భాషలో దాన్ని ఇంటర్‌ఫియరెన్స్ అంటారు. పెనుగొలను టవరు ఛానెల్ ఇంకెక్కడ వాడుతున్నారో చూశాను. విస్సన్నపేట వైపు ఒక గుట్ట మీది టవరుది అదే ఛానెల్. మ్యాపులో చూస్తే రెండింటికీ మధ్య చాలినంత దూరమే ఉంది.

రుజువు అనుకోకుండా దొరికింది. కరెంటు గంటల తరబడి పోయే కాలం. ఒక మధ్యాహ్నం గుట్ట మీది జనరేటరు మొరాయించి ఆ టవరు ఆగిపోయింది. నేనప్పుడు పెనుగొలనులోనే ఉన్నాను. చూస్తుండగానే ఎర్రచుక్కలు పోయి ఆకుపచ్చవి పడటం మొదలైంది. మేస్త్రమ్మ ఇంటికి పరిగెత్తి, ఎవరికైనా ఫోన్ చేయమన్నాను. ఆవిడ పత్తి చేను రైతుకే చేసింది. బియ్యం ధర దగ్గర్నుంచి అతని కోడలికి ఎన్నో నెల అనేదాకా అడిగింది, ఒక్క మాట జారలేదు. సాయంత్రం జనరేటరు బాగుచేశారు. మళ్లీ ఊరంతా ఎరుపు.

నేను గుట్ట దగ్గరికి వెళ్లి చూశాను. హైదరాబాదులో ప్లాను వేసినవాళ్లు ఆ టవరు చదును నేల మీద ఉంటుందనుకున్నారు. తీరా కట్టేటప్పుడు స్థలం అక్కడ దొరక్క, ఒక పెద్దరైతు తన గుట్ట కౌలుకిస్తే దాని మీద కట్టారు. అంత ఎత్తు నుంచి యాంటెన్నా సూటిగా ముందుకు చూస్తుంటే దాని సిగ్నల్ తన ఊళ్ల నెత్తి మీదుగా పోయి పెనుగొలనులో పడుతోంది. దీనికి మందు ఉంది. ఆ యాంటెన్నాను కొంచెం కిందికి వంచితే చాలు. తన ఊళ్లకే మాట్లాడుతుంది, పక్కవాళ్ల మాటలో దూరదు.

బెజవాడలో మా ఏరియా మేనేజరుకు ఇదంతా చూపించాను. ఆయన చెడ్డమనిషేం కాదు, పైవాళ్లంటే భయం. ముందు ప్లాను హైదరాబాదుదన్నాడు. ఆ ప్లానులో గుట్ట లేదు సార్ అన్నాను. అలాగైతే పెనుగొలను టవరు బలం పెంచుదామన్నాడు. ఇది అరిస్తే అది అరుస్తుంది, ఇంకో ఊరు పాడవుతుందన్నాను. ఛానెల్ మారుద్దామని నేనంటే, ఒకటి మారిస్తే పక్కవన్నీ మార్చాలి, అది హైదరాబాదు పని, ఎప్పటికవుతుందో తెలియదన్నాడు. చివరికి అసలు సంగతి బయటపడింది. గుట్ట ఇచ్చిన పెద్దరైతుకు పెనుగొలను వైపే, గుట్టకు దూరంగా, మామిడితోటలో ఇల్లుంది. యాంటెన్నా వంచితే అక్కడ గీతలు తగ్గుతాయి. ఆయన గొడవ చేస్తే ఎవరు పడతారు?

"ఆ ముసలావిడ కంప్లైంటు సెట్టు ప్రాబ్లమని రాసి మూసెయ్యమ్మా" అన్నాడు.

"రాయను సార్. సెట్టు బాగుంది."

ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు, ఇప్పట్నుంచే ఇలాగైతే ఎలా అన్నాడు. నేను లేచి వచ్చేశాను. బస్సులో మైలవరం దాటేదాకా అదే ఆలోచించాను. ఒక మనిషి నోట్లో మాట తీసేసి, ఆ మనిషికే మాట్లాడటం రాదని కాగితం మీద రాయమంటున్నారు. అది నాకు మింగుడుపడలేదు.

ఆ వారంలోనే మేనేజరుకు ఫోన్ చేశాను. రేపు పొద్దున గుట్ట మీది యాంటెన్నా వంచుతున్నాను, వద్దనుకుంటే ఇప్పుడే చెప్పండి అన్నాను. ఆయన వద్దనీ అనలేదు, సరేననీ అనలేదు. చూద్దామని పెట్టేశాడు. దొంగచాటుగా చేశాననే మాట పడకూడదని మా ఆఫీసులో అందరికీ చెప్పే బయల్దేరాను.

టవరెక్కే పనివాడు గంపలగూడెం వాడు, నా ఈడే ఉంటాడు. గుట్ట కిందికి బెల్టు, పానాలు తెచ్చాడు గానీ ఎక్కనన్నాడు. మేనేజరు ఆర్డరు లేకుండా ఎక్కితే కాంట్రాక్టరు తీసేస్తాడు మేడం, నాకు ఇద్దరు పిల్లలన్నాడు. అతను చెప్పింది న్యాయమే.

"నువ్వు ఎక్కొద్దు. బెల్టు ఇటివ్వు" అన్నాను.

హైదరాబాదు ట్రైనింగులో ఆడవాళ్లకు టవరెక్కడం మినహాయించారు. నేను అడిగి మరీ ఎక్కి, ఎక్కినట్టు సర్టిఫికెట్టు తీసుకున్నాను. అతను కాసేపు నసిగి, తన చేత్తోనే బెల్టు బిగించి, కొక్కేలు లాగి చూశాడు. ఏ నట్టు ముందు వదులు చెయ్యాలో, ఏది ముట్టుకోకూడదో చెప్పాడు. ఆ వైపు ట్రాన్స్‌మిటరు ఆపించి నిచ్చెన ఎక్కడం మొదలుపెట్టాను.

పొద్దుటి గాలి. సగం ఎక్కేసరికి చొక్కా వీపుకు అంటుకుపోయింది. అరచేతులకు ఇనుము చల్లగా, గరుకుగా తగిలింది. పైకి చేరాక ఒక కొక్కెం తగిలించి, అది గట్టిగా ఉందని చూసుకుని రెండోది తగిలించి, అప్పుడు తలెత్తి చూశాను. దగ్గర్లో మామిడితోటలు ముదురాకుపచ్చగా, వాటికవతల తెల్లగా విచ్చిన పత్తి చేలు, దూరంగా పల్లెలు. యాంటెన్నా చూస్తున్న వైపే నేనూ చూశాను. దాని దారికి ఏ అడ్డమూ లేదు. నిజంగానే పెనుగొలను దాకా తేటగా ఉంది. మ్యాపు ముందు కూర్చుని నేనెంత వాదించినా నాలో ఎక్కడో మిగిలిన సందేహం అక్కడ పోయింది. పై నట్లు వదులు చేసి, కొలత చూసుకుంటూ యాంటెన్నా తల నేలవైపు వంచి, మళ్లీ బిగించాను. ఒక నట్టు తుప్పుపట్టి రానంటే రానంది. దాంతో పెనుగులాడేసరికి గోరు లేచిపోయింది. రక్తం కారుతుంటే నేను చెయ్యి విదల్చడం చూసి కింద పనివాడు దిగమని కేకేశాడు. బిగించాకే దిగాను.

అట్నుంచి అటే పెనుగొలను వెళ్లాను. ఊరి మొదట్లో ఒకటి రెండు పసుపుచుక్కలు, మిగతా అంతా ఆకుపచ్చ. మేస్త్రమ్మ వాకిట్లో కూలి ఆడవాళ్లు కూర్చునున్నారు. ఆవిడ ఫోన్లో మాట్లాడుతూనే నన్ను చూసి కూర్చోమని చేత్తో సైగ చేసింది. మాట్లాడటం అయ్యాక నా వేలు చూసి పసుపు తెచ్చి కట్టింది. థాంక్సూ గీంక్సూ ఏం చెప్పలేదు. అక్కడున్న వాళ్లతో మాత్రం, మొన్న నన్ను తిట్టినవాళ్లు ఇప్పుడు మాట్లాడండే అంది.

మూడోరోజుకల్లా పెద్దరైతు ఫోను మేనేజరుకు, మేనేజరు ఫోను నాకు వచ్చింది. వెళ్లి యాంటెన్నా ఎప్పట్లా పెట్టెయ్యమన్నాడు. ముందు ఆ తోటకు వెళ్లి చూస్తానన్నాను.

పెద్దరైతు వరండాలో పడక్కుర్చీలో ఉన్నాడు. మా నాన్నను ఎరిగున్నవాడే. కుర్చీ వేయించి మజ్జిగ ఇప్పించి, ఫోను నా చేతికిచ్చాడు. మొన్నటిదాకా అన్ని గీతలుండేవి, ఇప్పుడు చూడు, స్థలమిచ్చినవాడికి దక్కేది ఇదా అన్నాడు. రెండే ఉన్నాయి, నిజమే. ఆ ఫోను నుంచి ఆయన చేతే విస్సన్నపేటలోని ఆయన బావమరిదికి చేయించాను. మామిడి పూత గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు. పెట్టేశాక, ఏమైనా తెగిందాండి అనడిగాను. తెగలేదు గానీ గీతలు తగ్గాయి కదా, ఇంటికొచ్చినవాళ్లు చూస్తే ఏమనుకుంటారన్నాడు.

"గీతలు గోడకు తగిలించుకోవడానికాండి, మాట్లాడుకోవడానికా?" అన్నాను. "మీకు ఆ మిగతా గీతలు కావాలంటే పెనుగొలను ఊరు ఊరంతా నోరు మూసుకోవాలి."

వరండాలో పనివాళ్లు పనులాపి చూశారు. ఆయన మొహం ఎర్రబడింది. గుట్ట గేటుకు తాళం వేయిస్తాను, ఏం చేస్తారో చూస్తానన్నాడు. వేయించండి, డీజిలు పోయడానికి మనిషి వెళ్లలేకపోతే ముందు ఆగేది మీ ఫోనేనని చెప్పి, మజ్జిగ గ్లాసు ఖాళీ చేసి లేచాను.

మేనేజరు మళ్లీ చేశాడు. ఈసారి గొంతు పెద్దది చేశాడు. నేను ఒకటే అన్నాను.

"పెనుగొలను పాడైనా పర్వాలేదు, వెనక్కి తిప్పమని రాసివ్వండి సార్. రాసిస్తే వెంటనే ఎక్కి తిప్పుతాను."

ఆయన రాసివ్వలేదు. వేరేవాళ్లను పంపి తిప్పించనూ లేదు. తిప్పితే మేస్త్రమ్మ ఈసారి ఒక్కతే రాదని, ఆటోల నిండా మనుషులతో బెజవాడ ఆఫీసు మెట్ల మీదే కూర్చుంటుందని నేనే చెప్పాను. అది బెదిరింపు కాదు, ఆవిడ చెప్పి పంపిన మాటే.

పెద్దరైతు గేటుకు తాళం వేయలేదు. ఎందుకు వేయలేదో నాకు కచ్చితంగా తెలియదు. ఆ వేసవిలో ఆయన తోట కాయ ఏరడానికి ఆడకూలీలను తీసుకెళ్లింది మేస్త్రమ్మే. మనుషుల కోసం ఆయనే ఫోన్ చేశాడట. కాయ గురించి మాట్లాడటం అయిపోయాక ఆవిడ, అయ్యా, నా మాట మీకు తేటగా వినపడుతుందా అని అడిగిందట. వినపడుతోందన్నాడట. అంతే, ఇంకేం అనలేదని నాకు చెప్పి నవ్వింది.

ఈ లోపల ఊళ్లో మాట పాకింది. పూజారిగారి కూతురు ప్యాంటేసుకుని టవరెక్కిందని గుళ్లో ఒక పెద్దాయన మా నాన్న దగ్గర తెగ బాధపడ్డాడు. మా నాన్న పెద్దగా మాట్లాడే మనిషి కాదు. హారతి పళ్లెం ఆయన ముందుకు జరిపి, "ఎక్కింది ధ్వజస్తంభం కాదు కదండీ" అన్నాడట. ఇంటికొచ్చి నాతో మాత్రం, బెల్టు సరిగ్గా పెట్టుకున్నావా అని అడిగాడు.

వానలు మొదలవకముందే నా కాంట్రాక్టు గడువు తీరింది. మళ్లీ పొడిగించలేదు. పనిలో లోపముందా అని అడిగాను. పని బాగుంది, క్రమశిక్షణ లేదన్నాడు మేనేజరు. తలెత్తకుండానే అన్నాడు. క్రమశిక్షణ అంటే ఏం చేసుండాల్సిందో చెప్పమన్నాను. ఆయన అప్పజెప్పాల్సిన వస్తువుల జాబితా నా ముందుకు తోశాడు. నేను ఏడవలేదు, బతిమాలలేదు. ల్యాప్‌టాప్, కేబుళ్లు, ఫోను అప్పజెప్పి, అప్పజెప్పినట్టు సంతకం పెట్టించుకుని వచ్చాను.

తర్వాత కొన్ని నెలలకు హైదరాబాదు నుంచి కొత్త ప్లాను వచ్చిందని మా కౌంటరు కుర్రాడు బస్టాండులో కనబడి చెప్పాడు. అందులో గుట్ట మీది టవరు ఛానెల్ మార్చారు. యాంటెన్నా మాత్రం నేను వంచిన కొలతలోనే ఉంచమని రాశారు. గుట్టల మీదున్న మిగతా టవర్లు కూడా చూసి వంచమన్నారట. అది ఎవరు కనిపెట్టారో ఎక్కడా లేదు. నేను ఊరుకోలేదు. మేనేజరుకు ఫోన్ చేసి, ఆ కొలత నాది, నా పేరు రాయించండి సార్ అన్నాను. ఉద్యోగంలో లేనివాళ్ల పేర్లు రాయరమ్మా అన్నాడు. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఎక్కాను కదా అన్నాను. ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు.

మరుసటి ఏడు ఇంకో కంపెనీ వాళ్లు హైదరాబాదులో ఇంటర్వ్యూకి పిలిచారు. బల్లకవతల ముగ్గురు. మధ్యలో ఉన్నావిడ నడివయసు మనిషి, కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని నా కాగితాలు తిరగేస్తోంది. పాత సంస్థకు ఫోన్ చేసి కనుక్కున్నారని అర్థమైంది. పైవాళ్ల అనుమతి లేకుండా ఒక సైటులో యాంటెన్నా కదిపారట, నిజమేనా అనడిగింది.

నిజమేనన్నాను. ముందు చెప్పాను, వాళ్లు బదులివ్వలేదు, నేనే ఎక్కి వంచాను అన్నాను. పక్కనున్నాయన కుర్చీలో వెనక్కి వాలాడు.

"మా దగ్గర అలాంటి పరిస్థితి వస్తే ఏం చేస్తారు?" అందావిడ.

"ముందు మీకు చెబుతానండి" అన్నాను. "మీరు బదులివ్వకపోతే బెల్టు పెట్టుకుంటాను."

ఆవిడ కళ్లజోడు పైకి నెట్టుకుని, ఎంత వంచారు, అంతే ఎందుకు వంచారు అని అడగడం మొదలుపెట్టింది. నేను కాగితం తీసుకుని గుట్ట, రోడ్డు, ఊళ్లు గీసి చెప్పసాగాను. బయట ఇంకా చాలామంది కూర్చునున్నారు. ఆవిడ తొందరపెట్టలేదు.